పాతకాలం ట్రావెల్ ఫిల్ములు, పల్లెలూ సముద్రం ఒడ్డూ చూపించేవి, ఎక్కడ దొరుకుతాయండీ? మా నాన్నగారి కోసం

బ్రోడీపేట_నాలుగోలైను:

అందరికీ నమస్కారమండీ. గుంటూరు నుంచి రాస్తున్నా. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిక చేసుకుని చదవండి.

మా నాన్నగారికి 82 ఏళ్ళు. హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. తెనాలి, పొన్నూరు, బాపట్ల, రేపల్లె, ఎక్కడికి ట్రాన్స్‌ఫర్ చేస్తే అక్కడికి మమ్మల్నందర్నీ వేసుకుని తిరిగారు. కాలు ఒకచోట నిలిచే మనిషి కాదు, సెలవొస్తే సైకిలేసుకుని ఏ కాలవ గట్టు మీదో పడి పోయి చీకటి పడ్డాక గానీ ఇంటికొచ్చేవాళ్ళు కాదు. అట్టాంటాయన పోయినేడు బాత్రూంలో జారిపడ్డారు, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బానే అయ్యింది గానీ అప్పట్నుంచి గడప దాటట్లేదు. వాకర్ పట్టుకుని హాల్లోకొచ్చి కూర్చోడం, మళ్ళీ మంచం, ఇంతే. మాట కూడా తగ్గిపోయింది.

సాయంత్రంపూట న్యూస్ పెడితే ఆయనకి చిరాకొస్తోందని నేనే యూట్యూబ్‌లో ఊళ్ళూ కొండలూ సముద్రాలూ చూపించే వీడియోలు పెట్టడం మొదలుపెట్టా. ఇప్పుడొచ్చేవన్నీ డ్రోన్‌తో తీసినవే కదా, పైనుంచి తేలుకుంటూ పోతాయి, చూడ్డానికి బ్రహ్మాండంగానే ఉంటాయి. నాన్నగారు రెండు నిమిషాలు చూసి "గద్ద చూసినట్టుందమ్మా, మనిషి నడుచుకుంటా చూసినట్టు లేదు" అని కళ్ళు మూసుకున్నారు.

తర్వాత ఒకరోజు దానంతటదే ఏదో పాత ఫిల్ము వచ్చింది. ఇంగ్లండులో సముద్రం అంచునే పోయే ఆవిరి రైలు, కిటికీలోంచి పల్లెలు, ఒకావిడ దండెం మీద దుప్పటి ఆరేస్తోంది, గడ్డిబండి ఒకటి రోడ్డు దాటేదాకా బస్సు ఆగి ఉంది. అంతే, అందులో ఇంకేం జరగదు. నాన్నగారు మాత్రం కుర్చీలో ముందుకి జరిగి "ఆపు ఆపు, వెనక్కి పోనీ" అని ఆ గడ్డిబండి చక్రం దగ్గర ఆపించారు. ఇనప పట్టా ఎర్రగా కాల్చి చక్రానికి ఎట్టా ఎక్కిస్తారో, నీళ్ళు పోయగానే అది బిగుసుకుని లోపల ఆకులన్నిట్నీ ఎట్టా కరిచి పట్టుకునిద్దో, ఇరవై నిమిషాలు చెప్పారండీ. ఆపరేషన్ అయ్యాక ఆయన అంతసేపు మాట్లాడ్డం అదే మొదటిసారి. వంటింట్లోంచి అమ్మ కూడా వచ్చి నిలబడింది.

చిన్నప్పుడు సినిమాకి ముందు ఇట్టాంటివే వేసేవాళ్ళనీ, స్కూలుకి వ్యాన్‌లో తెచ్చి కూడా చూపించేవాళ్ళనీ అంటున్నారు. అందుకని అడుగుతున్నా. ఇట్టాంటివి ఏ పేరుతో వెతకాలి? కొన్నింట్లో రంగులు అద్దినట్టు నిండుగా ఉంటున్నాయి, కొన్ని మొత్తం గులాబీ రంగుకి తిరిగిపోయి ఉంటున్నాయి, ఎందుకట్టా? అన్నిటికంటే ముఖ్యం, మన వైపువి ఏమన్నా ఉన్నాయా? కృష్ణ, మన కాలవలు, సూర్యలంక? నాన్నగారు రోజూ అదే అడుగుతున్నారు, "మనవి తియ్యలేదా ఎవరూ" అని.

గాంధీనగర్_బాక్సులు:

అమ్మా, మీ నాన్నగారి కంటే నేను ఐదారేళ్ళు చిన్న. విజయవాడ గాంధీనగర్‌లో సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో ముప్పై ఏళ్ళ పైన చేశాను, బుకింగ్ రాసుకోడం దగ్గర్నుంచి ఫిల్ము బాక్సులు బస్సు టాపు మీదకి ఎక్కించేదాకా అన్నీ నా చేతుల మీదగా జరిగినవే.

మీ నాన్నగారు హాల్లో చూసింది ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ రీలు అయ్యుండిద్ది. 1948లో కేంద్ర ప్రభుత్వం పెట్టింది. హాలు లైసెన్సులోనే ఆ షరతు ఉండేది, ఆట మొదలయ్యే ముందు ఆ రీలు వెయ్యాల్సిందే, పైగా వేసినందుకు హాలువాళ్ళే కలెక్షన్లో ఒక శాతం దాకా అద్దె కట్టేవాళ్ళు. కామెంటరీ తెలుగుతో సహా చాలా భాషల్లో చేసేవాళ్ళు. న్యూస్‌రీలు, డాక్యుమెంటరీలు, అన్నీ అందులోనే. అనకట్టలు, కుటుంబ నియంత్రణ, వ్యవసాయం, మధ్య మధ్యలో కాశ్మీరు, కేరళ, గుళ్ళు, సముద్రాలు.

చాలామంది ఆ పది నిమిషాలు సోడాలకీ బీడీలకీ అనుకునేవాళ్ళు. నిజమే, నేలలో గోలగోలగా ఉండేది. అయితే సముద్రం వస్తే మాత్రం గోల ఆగేది, ఇది నేను కళ్ళారా చూశా. ఒకసారి వినుకొండ వైపు టూరింగ్ టాకీస్‌కి బాక్సులు పట్టుకుని నేనే వెళ్ళాల్సొచ్చింది. ఆ రోజు పడ్డ రీల్లో ఒక అల వచ్చి ఒడ్డున పరుచుకుని వెనక్కి పోయే షాటు ఉంది, ఇసకలో నురుగు ఇంకిపోయేదాకా కెమెరా అట్టాగే ఉంచాడు. నా ముందు కూర్చున్న ముసలావిడ పక్కనామెని గిల్లి "ఆ నీళ్ళేమైనయ్యే?" అంది. ఆవిడ పుట్టి బుద్ధెరిగి సముద్రం చూళ్ళేదు. ఎండాకాలం చెరువులో నీళ్ళు ఇంకిపోతే ప్రాణం పోయినట్టు ఉండే ఊరు వాళ్ళది, ఆ భయంతో అడిగింది. నలభై ఏళ్ళు దాటింది, ఆ గొంతు నాకు ఇంకా వినపడుతోంది.

స్కూలుకొచ్చిన వ్యాను సమాచార శాఖది అయ్యుండాలి. 16 ఎంఎం ప్రొజెక్టరు, ఒక తెల్లగుడ్డ, కరెంటు లేని ఊరైతే జనరేటరు.

ఇక మన వైపు సంగతి. ట్రావెల్ ఫిల్ముల్లో వెతికితే మీకు దొరకదమ్మా, ప్రాజెక్టుల రీళ్ళల్లో వెతకండి. ప్రకాశం బ్యారేజి 1957లో అయ్యింది. నాగార్జునసాగర్‌కి నెహ్రూ గారు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేశారు, 1967లో కాలవలకి నీళ్ళు వదిలారు. ఆ పన్నెండేళ్ళూ మన కృష్ణ న్యూస్‌రీళ్ళకి ఎక్కింది. వాళ్ళు చూపిస్తున్నది మంత్రుల్నీ యంత్రాల్నీ గానీ, వెనకాల కొండలు, రేవు, పుట్టి మీద ఏరు దాటే జనం పడతారు కదా. నాగార్జునకొండ లోయ నీళ్ళల్లో మునగకముందు అక్కడ 1954 నుంచి 60 దాకా తవ్వకాలు జరిగినయ్యి, ఆ లోయ ఇప్పుడు మనం కళ్ళతో చూళ్ళేం, ఏ రీల్లో రెండు నిమిషాలు కనపడినా అదే దిక్కు. ఫిల్మ్స్ డివిజన్‌ని ఈమధ్య ఎన్‌ఎఫ్‌డీసీలో, అంటే కేంద్రం వాళ్ళ జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు, పాత ఫిల్ములు చాలానే యూట్యూబ్‌లో పెట్టారు. కృష్ణ అని కాకుండా అనకట్టల పేర్లతో, సంవత్సరాలతో వెతకండి.

రీలు_పిచ్చి:

అక్కా, నేను విజయవాడే, వన్‌టౌన్. పాత ప్రొజెక్టర్లు బాగుచేసుకోడం నా సరదా, ఇంట్లో మూడున్నాయి. మీ ప్రశ్నలకి నాకు తెలిసినంత చెప్తా.

వీటిని ట్రావెలాగ్ అంటారు, ఆ మాటతో వెతకండి. 1930ల నుంచి 50ల మధ్య దాకా ఎంజీఎం కంపెనీ కోసం ఫిట్జ్‌పాట్రిక్ అని ఒకాయన వరసపెట్టి తీశాడు, ట్రావెల్‌టాక్స్ అనేవాళ్ళు, చాలా భాగం టెక్నికలర్ అనే రంగుల పద్ధతిలోనే. అదే రోజుల్లో వరల్డ్ విండోస్ అని ఇంకో సిరీస్ ఉంది, దానికి కెమెరా జాక్ కార్డిఫ్, తర్వాత ఆస్కార్ తెచ్చుకున్నాడు, మన దేశంలో కూడా తిరిగి తీశాడు. మీ నాన్నగారికి నచ్చిన సముద్రం పక్క రైలు టైపువి కావాలంటే బ్రిటిష్ ట్రాన్స్‌పోర్ట్ ఫిల్మ్స్ అని కొట్టండి, 1949లో మొదలైంది, అక్కడి రైల్వేలూ బస్సులూ ప్రభుత్వం చేతికొచ్చాక జనాన్ని ఊళ్ళు తిప్పడానికి పెట్టిన యూనిట్ అది. పల్లెలు, సముద్రపు రేవులు, కొండలు, ఇదే వాళ్ళ పని. కెమెరా పనితనం చాలా నీట్‌గా ఉండిద్ది. బ్రిటిష్ పాథే అనే పాత న్యూస్‌రీలు కంపెనీ వాళ్ళు 2014లో 85,000 ఫిల్ములు యూట్యూబ్‌లో పెట్టారు, అందులో తవ్వుకున్నోళ్ళకి తవ్వుకున్నంత. అమెరికావి కావాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రెలింజర్ కలెక్షన్ చూడండి, ఫ్రీగా డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు.

చాలావరకు పది నిమిషాలకే ఎందుకు అయిపోతాయో గమనించారా? 35 ఎంఎంలో వెయ్యి అడుగుల రీలు దాదాపు పదకొండు నిమిషాలు తిరిగిద్ది. ఒక్క రీల్లో పట్టాలి, అదీ లెక్క.

ఇప్పుడు రంగుల సంగతి. పాత టెక్నికలర్ కెమెరాలో మూడు నెగిటివ్‌లు ఒకేసారి తిరుగుతాయి, మూడూ నలుపు తెలుపే, కాకపోతే ఒకటి ఎరుపుని, ఒకటి ఆకుపచ్చని, ఒకటి నీలాన్ని పట్టుకునిద్ది. ప్రింటు వేసేటప్పుడు రంగు మీద రంగు అద్దుతారు. పెడనలో కలంకారీ వేసేటప్పుడు ఒక్కో రంగుకీ ఒక్కో అచ్చు పెట్టి వరసగా కొడతారు చూడండి, అచ్చం అదే పద్ధతి. అందుకే మీకు అద్దినట్టు అనిపించింది, కరెక్ట్‌గా చూశారు. ఆ అద్దకం రంగులు తొందరగా పోవు. 1950లో ఈస్ట్‌మన్ కలర్ వచ్చాక ఒకే నెగిటివ్‌తో పనైపోయింది, చవక, సుళువు, కానీ ఆ రోజుల ప్రింట్లలో నీలం వైపు రంగు ముందు వెలిసిపోయిద్ది, మిగిలేది ఎరుపే. మీరు చూసిన గులాబీ ఫిల్ములు అవే. తీసినప్పుడు ఆ ఆకాశం నీలంగానే ఉంది.

ఇంకోటి. టెక్నికలర్‌కి వెలుతురు విపరీతంగా కావాలి, మబ్బు పడితే కెమెరా మూసుకుని కూర్చోడమే. అందుకే ఆ ఫిల్ముల్లో ప్రపంచం మొత్తం ఎప్పుడూ ఎండగా ఉండిద్ది. స్కాట్లండ్ కూడా ఎండగానే ఉండిద్ది!

రెండు జాగ్రత్తలు చెప్తా. ఇప్పుడు 4కె అనీ 60 ఫ్రేములనీ పెట్టి నలుపుతెలుపు ఫిల్ములకి ఏఐతో రంగులేసి వదులుతున్నారు, అవి పెట్టొద్దక్కా. ఆ రంగు కంప్యూటరు ఊహించి వేసింది, ఆ చీర ఆ రంగే అని ఎవరికీ తెలీదు, మధ్యలో లేని ఫ్రేములు పుట్టించడం వల్ల అల కూడా జిగురులాగా జారిద్ది. రెండోది, ఇళ్ళల్లో తీసుకున్న పాత 8 ఎంఎం ఫిల్ములు సెకనుకి 16 ఫ్రేముల మీద తీసినవి, వాటిని 24 మీద ఎక్కించేస్తే మనుషులు పరిగెత్తినట్టు నడుస్తారు. యూట్యూబ్‌లో స్పీడు 0.75 పెట్టండి, దాదాపు మామూలు నడక వచ్చేసిద్ది.

పటమట_పాఠకుడు:

అందరూ మంచి సమాచారం ఇచ్చారు, నేను ఒక్క మాట చెప్పాలి. ఇవి అమ్మకానికి తీసిన ఫిల్ములని మర్చిపోకూడదండీ. రైలు టిక్కెట్టు అమ్మాలి, ఓడ టిక్కెట్టు అమ్మాలి. అందుకే ఆ పల్లెల్లో ఎవరికీ జబ్బు చెయ్యదు, వాన పడదు, బురద ఉండదు. ఆ ఇంగ్లండు ఫిల్ముల్లో సముద్రం దాకా పోయే చిన్న చిన్న లైన్లు చూపిస్తారే, 1963లో వచ్చిన ఒక రిపోర్టులో నష్టాల పేరు చెప్పి రెండు వేలకి పైగా స్టేషన్లు ఎత్తెయ్యమన్నారు, ఆ తర్వాత చాలా లైన్లు పోయినయ్యి. రండి రండి అని పిలిచిన స్టేషన్లే పదేళ్ళు తిరక్కముందే గడ్డి మొలిచిపోయినయ్యి. ఇది తెలిసి చూస్తే ఆ ఫిల్మే వేరేగా కనపడుద్ది.

మన దేశం మీద తీసినవి ఇంకా కష్టం. ఏనుగులు, పాములోళ్ళు, కాశీలో స్నానాలు, తాజ్‌మహల్. కామెంటరీ చెప్పేవాడు మనల్ని జూలో జంతువుల్లాగా వర్ణిస్తుంటే నాకు ఒళ్ళు మండిద్ది. మన వైపు ఎందుకు తియ్యలేదని మాస్టారు అడిగారన్నారు కదా. వాళ్ళు దిగేది బొంబాయిలో, అక్కడ్నుంచి ఆగ్రా, కాశీ, కలకత్తా. దక్షిణానికొస్తే మైసూరు, మదురై. బందరు రేవు అప్పటికే పూడిపోయింది, విశాఖ హార్బరు తెరిచిందే 1933లో. మద్రాసు మెయిలెక్కితే మన తీరమంతా కిటికీ అవతలే అయిపోయేది. కృష్ణ మీద వంతెన దాటేటప్పుడు ఎవడో ఒకడు కెమెరా తీసుంటాడు, అంతకంటే కాదు.

అయినా చూడొద్దనట్లేదండీ. చూడాలి, కాకపోతే మధ్యలో ఉన్నది కాదు, అంచుల్లో ఉన్నది చూడాలి. వాడు రాజుగారి ఏనుగుని తీస్తుంటే మూలన ఒకడు కావడి దించి భుజం తుడుచుకుంటాడు, ఆ కావడి కట్టిన తీరు, ఆ తలగుడ్డ చుట్టిన తీరు ఏ పుస్తకంలోనూ దొరకవు. కామెంటరీ సౌండు తగ్గించేసి చూడండి, నేనట్టాగే చూస్తా. చాలావాటికి అలల చప్పుడు కూడా అక్కడ పట్టింది కాదు, తర్వాత కలిపిందే, పోయేదేం లేదు. కేంబ్రిడ్జిలో సౌత్ ఏషియన్ స్టడీస్ సెంటర్ వాళ్ళ దగ్గర, బ్రిటిష్ రోజుల్లో ఇక్కడ ఉద్యోగాలు చేసినవాళ్ళు సొంతంగా తీసుకున్న ఫిల్ములు చాలా ఉన్నాయి, ఆన్‌లైన్లో పెట్టారు. అవి అమ్మడానికి తీసినవి కాదు, బంగళా ముందు కుక్కతో ఆడుకుంటా తీసినవి. అందుకే అందులో తోటమాలి, వంటాయన, సంతకి పోయే జనం మామూలు మనుషుల్లాగా కనపడతారు.

ఒక ఉపయోగపడే ముక్క, మన చట్టంలో సినిమాకి కాపీరైటు రిలీజైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. 1960లో వచ్చింది 2020 ఆఖరుతో అయిపోయినట్టే.

గాంధీనగర్_బాక్సులు:

పాఠకుడు గారూ, మీరన్నదాంట్లో తప్పు లేదు. అమ్మకానికి తీసిందే. కానీ నేను చెప్పిన ముసలావిడకి ఆ టిక్కెట్టు ఎవరూ అమ్మలేదు, ఆవిడ కొనలేదు. సముద్రం మాత్రం చూసింది.

సూర్యలంక_సరుగుడు:

బాపట్ల నుంచి. ఫిల్ములు నా దగ్గర లేవు గానీ మా నాన్న వ్యూ మాస్టర్ ఉంది, గుండ్రటి అట్టలో ఏడు బొమ్మలు, కళ్ళకి పెట్టుకుని మీట నొక్కితే మారతాయే, అది. స్విట్జర్లాండు అట్ట ఒకటి, హవాయి అట్ట ఒకటి ఉన్నాయి. మాస్టారు మా స్కూల్లో చేసినాయనేమో అనిపిస్తోంది, ఎవరైనా సరే, గుంటూరొచ్చినప్పుడు పట్టుకొచ్చి చూపిస్తానండీ. బొమ్మ లోపలికి లోతుగా కనపడుద్ది, పెద్దోళ్ళకి బాగా నచ్చిద్ది.

బ్రోడీపేట_నాలుగోలైను:

అందరికీ చాలా చాలా థాంక్సండీ. పాఠకుడు గారు చెప్పినట్టు నిన్న సౌండు తీసేసి పెట్టా. కామెంటరీ లేకపోయేసరికి నాన్నగారే చెప్పడం మొదలుపెట్టారు, క్లాసులో చెప్పినట్టే, "ఈ కొండ సున్నపురాయి, అందుకే అల కొట్టినచోట అట్టా నిలువుగా తెగింది, మన బాపట్లలో రాయి లేదు, ఇసకే, అందుకే మన ఒడ్డు చాపలాగా పరుచుకుని ఉండిద్ది" అని. మా అబ్బాయి ఇంటర్ చదువుతున్నాడు, వాడు ఫోను పక్కన పెట్టి విన్నాడు, నాకదే ఆశ్చర్యం. ప్రాజెక్టుల రీళ్ళు ఇంకా వెతుకుతున్నా, బాక్సులు గారూ.

సరుగుడు గారూ, తప్పకుండా రండి.

కొమ్మమూరు_కాలువ:

ఈ థ్రెడ్డు చూసి రెండ్రోజులు ఆలోచించి రాస్తున్నా. మాది దుగ్గిరాల. మా తాతయ్యది పసుపు వ్యాపారం, 60ల్లో ఆయన బావమరిది డాక్టరు చదువుకి పైదేశం పోయి వస్తా ఒక 8 ఎంఎం కెమెరా తెచ్చిచ్చాడు. తాతయ్య దాంతో కాలవ మీద పడవ ప్రయాణం తీశాడని ఇంట్లో అందరూ చెప్పేవాళ్ళు. అప్పట్లో కొమ్మమూరు కాలవ మీదగా పెదగంజాం పోయి అక్కడ బకింగ్‌హామ్ కాలవలో కలిస్తే మద్రాసు దాకా నీళ్ళ మీదే పోవచ్చు కదా, సరుకంతా అట్టాగే పోయేది. గాలుంటే తెరచాప, లేకపోతే గట్టు మీద మనుషులు తాడేసుకుని లాగడం. నేను చూళ్ళేదు, మా నాన్న చూశాడు.

రీళ్ళు మూడుండేవి, ఇప్పుడు రెండున్నాయి. ఒకటి ఎట్టా పోయిందో చెప్తా, చెప్పడానికి బాధగా ఉంది. నాలుగేళ్ళ క్రితం పెళ్ళి వీడియోలు తీసే షాపులో ఇస్తే వాళ్ళ దగ్గరున్న పాత ప్రొజెక్టరు మీద ఎక్కించి గోడ మీద వేసి కెమెరాతో పడతామన్నారు. నేనూ కూర్చున్నా. మొదట కాలవకి అడ్డంగా ఉండే లాకు తలుపు ఒకటి కనపడింది, దాని మీద ఒక పిల్లాడు కూర్చుని కాళ్ళూపుతున్నాడు. మా నాన్నేనేమో అనుకునేలోపు ఫిల్ము గేటులో ఇరుక్కుంది, బల్బు వేడికి ఆ పిల్లాడి మొహం దగ్గర్నుంచి గోధుమరంగు మచ్చ లేచి బొమ్మ మొత్తం కరిగిపోయింది. మిగతాది ప్రొజెక్టరు పళ్ళల్లో పడి ముక్కలైంది. వాళ్ళు పాపం సారీ చెప్పారు, తెలీక చేశారు, కానీ నాకు మళ్ళీ ఎవరికీ ఇవ్వడానికి ధైర్యం చాల్లేదు. మిగిలిన రెండూ బిస్కెట్ డబ్బాలో పెట్టి బీరువా మీద పెట్టా. నిన్న తీస్తే ఒకదాంట్లోంచి వెనిగర్ వాసన ఘాటుగా వస్తోంది. ఇంకోటి బానే ఉంది, అంచు మీద కోడాక్రోమ్ అని, కొడాక్ వాళ్ళ రంగుల ఫిల్ము పేరు, చిన్న అక్షరాలున్నాయి. ఏం చెయ్యమంటారు?

రీలు_పిచ్చి:

అన్నా, ముందు ఆ రెండూ వేరు చెయ్యి. ఇప్పుడే, ఇది చదివి లేచి. ఆ వాసన ఫిల్ము చచ్చిపోతున్న వాసన. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము వేడికీ తేమకీ విరిగి, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం వదిలిద్ది, అది మూసిన డబ్బాలో పోయే దారి లేక ఫిల్ముని ఇంకా తినేసిద్ది, పక్కనున్న మంచి రీలుకి కూడా పట్టుకునిద్ది. మన మే నెల ఎండలో బీరువా మీద అంటే అది నిప్పుల మీద పెట్టినట్టే. గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉండే గదిలో, కింద అరలో, తడి తగలకుండా పెట్టు. వాసన వచ్చేది వేరే గదిలో.

ఏ ప్రొజెక్టరు మీదా ఎక్కించొద్దు, నా ప్రొజెక్టరు మీద కూడా వద్దు. పాత ఫిల్ము కుంచించుకుపోతుంది, పక్కనుండే చిల్లులకీ ప్రొజెక్టరు పళ్ళకీ కొలత కలవదు, మీ షాపులో జరిగింది అదే. చూడాలనుంటే అంచులు మాత్రమే పట్టుకుని వెలుతురుకి ఎదురుగా పెట్టి భూతద్దంతో చూడు. చిల్లులు పెద్దవిగా, రెండు బొమ్మల మధ్య గీత దగ్గర ఉంటే మామూలు 8, చిన్నవిగా బొమ్మ మధ్యకి ఉంటే సూపర్ 8. సూపర్ 8 వచ్చిందే 1965లో, కాబట్టి తాతయ్యది మామూలు 8 అయ్యే అవకాశం ఎక్కువ. చిన్న రీలైతే 50 అడుగులు, నాలుగు నిమిషాలు.

పళ్ళ చక్రాలు లేకుండా రబ్బరు రోలర్ల మీద నడిపి ఒక్కో ఫ్రేమూ ఫొటో తీసినట్టు తీసే స్కానర్లుంటాయి, అట్టాంటిది ఉన్నవాళ్ళ దగ్గరికే వెళ్ళాలి. ఇచ్చే ముందు "ప్రొజెక్టరు మీద వేస్తారా, ఫ్రేము ఫ్రేము స్కాన్ చేస్తారా" అని అడుగు, గోడ అన్నా తెర అన్నా లేచొచ్చెయ్. 16 ఫ్రేముల ఫైలు అడుగు, స్పీడు వాళ్ళని మార్చొద్దను. వాసన వచ్చేదే ముందు చేయించు, అది ఆగదు. కోడాక్రోమ్‌కి తొందర లేదు, చీకట్లో ఉంటే దాని రంగు చాలా గట్టిది. అయినా ఒరిజినల్ పారెయ్యొద్దు, స్కాన్ అయ్యాక కూడా.

నువ్వొప్పుకుంటే నేను వెంట వస్తా. రీలు బస్సులో ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్దాం.

పటమట_పాఠకుడు:

కాలువ గారూ, స్కాన్ అయ్యాక ఒక కాపీ గుంటూరు మాస్టారికి చూపించండి. మీ తాతగారు ఎక్కడ తీశారో చెప్పగలిగేవాళ్ళు ఇంకెంతమంది ఉంటారో తెలీదు. ఆయన చెప్తుంటే రాసిపెట్టుకోండి, ఏ నిమిషంలో ఏ ఊరు, ఏం సరుకు, ఎవరు. ఊరు పేరు లేని ఫిల్ము అడ్రసు లేని ఉత్తరంతో సమానం.

కొమ్మమూరు_కాలువ:

స్కానింగ్ వాళ్ళ దగ్గరికి వెళ్ళాం. వాసన వచ్చే రీలు సగం అంటుకుపోయిందని, అది విడదియ్యడానికి టైం పట్టిద్దని అన్నారు. కోడాక్రోమ్ కూడా ఎలాగూ వచ్చాం కదా అని ఇచ్చేశా. రీలు_పిచ్చి తమ్ముడు ఆ గదిలోంచి కదల్లేదు, స్కానరు పక్కనే కూర్చున్నాడు.

బ్రోడీపేట_నాలుగోలైను:

మూడు వారాల తర్వాత రాస్తున్నా. మొన్న ఆదివారం కాలువ గారూ రీలు_పిచ్చి తమ్ముడూ మా ఇంటికొచ్చారు, పెన్‌డ్రైవ్‌లో కోడాక్రోమ్ రీలు పట్టుకుని. నాలుగు నిమిషాలే. టీవీకి పెట్టాం.

మొదట కాలవ గట్టు, తాడి చెట్లు, నీళ్ళ మీద ఎండ. కెమెరా కొంచెం ఊగుతోంది. తర్వాత గట్టు మీద ఇద్దరు మనుషులు తాడు భుజాన వేసుకుని ముందుకి వంగి నడుస్తున్నారు, వాళ్ళ వెనక తాడు నీళ్ళ మీదకి సాగి ఉంది, పడవ ఇంకా ఫ్రేములోకి రాలేదు. నాన్నగారు ఏం మాట్లాడలేదు. లాకు దగ్గరకొచ్చేసరికి "దుగ్గిరాల" అన్నారు. "తలుపు మూశాక నీళ్ళు నిండడానికి ఎంతసేపు పట్టిద్దో మా పిల్లల్ని గట్టు మీద నిలబెట్టి లెక్కపెట్టించేవాణ్ణి" అన్నారు. కాలువ గారు అడిగారు, ఏ సంవత్సరం అయ్యుంటుందండీ అని. నాన్నగారు మూడుసార్లు వెనక్కి వేయించుకుని, గట్టు మీద కరెంటు స్తంభాలు ఉన్నాయో లేదో చూసి, అట్టా నోటికొచ్చింది చెప్పకూడదు, ఇంకోసారి పగటి వెలుతుర్లో చూసి చెప్తానన్నారు.

మూడో నిమిషంలో పడవ మీద ఒకాయన గిన్నెలో బియ్యం కడిగి ఆ నీళ్ళు కాలవలో పారబోస్తాడు. అంతే, రెండు సెకన్లు. నాన్నగారు అక్కడ ఆపించి "నీడ చూడు, కాళ్ళ కిందే ఉంది, మిట్టమధ్యాహ్నం. పొద్దున్నుంచి లాగి లాగి ఇప్పుడు వండుకుంటున్నారు, తాడు లాగేవాళ్ళు తినేది ఇంకో రెండు గంటలకి గానీ కాదు" అన్నారు. అమ్మ "పాపం" అంది. కాలువ గారు నోట్‌బుక్కులో రాసుకుంటున్నారు, చెయ్యి ఆగట్లేదు ఆయనకి.

ఆఖర్లో అరనిమిషం సముద్రం. సరుగుడు చెట్లు, ఆరేసిన వలలు, ఒకావిడ కొంగు నెత్తిన కప్పుకుని నీళ్ళ వైపు చూస్తా నిలబడి ఉంది. ఆవిడ వాళ్ళ నాయనమ్మేనని కాలువ గారు గుర్తుపట్టారు, అప్పుడు పాతికేళ్ళుంటాయేమో. ఒడ్డు ఎక్కడిదో నాన్నగారికి తేలలేదు, సూర్యలంకో నిజాంపట్నం వైపో. సరుగుడు గారికి ఫ్రేములు పంపా, ఒకసారి చూసి చెప్పండి ప్లీజ్, చెట్ల వరస వెనకాల మెరకగా ఏదో దిబ్బ కనపడుతోంది.

కాలువ గారూ, రెండో రీలు ఎంతవరకొచ్చింది? నాన్నగారు పొద్దున లేవగానే అదే అడుగుతున్నారు. నిన్న వాకర్‌తో వీధి గుమ్మం దాకా వచ్చి, కారులో అయితే దుగ్గిరాల ఎంతసేపు అని మా అబ్బాయిని అడిగారు. వచ్చే ఆదివారం ఎండ తగ్గాక లాకుల దాకా తీసుకొస్తున్నాం, మీరు ఇంట్లోనే ఉంటారా?